తోక లేపిన చాబజైట్

వరంగల్ కొత్తవాడలో సదానందం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా కాసేపు ఆలోచిస్తారు. చిలుకమ్మ మగ్గం ఎక్కడ అని అడిగితే మాత్రం తీసుకొచ్చి గుమ్మం ముందు నిలబెడతారు. రెండూ ఒకటే ఇల్లు. ఈ సంగతి బయటపెట్టేదీ, అందరికంటే ముందు నవ్వేదీ సదానందమే. "ఎమ్మెస్సీ చదివింది నేను, అడ్రస్ మాత్రం ఆమెది" అంటాడు.

ఆయనకు యాభై దాటి చాలాకాలమైంది. తాత జంపఖానాలు నేశాడు, తండ్రి నేశాడు, ఇప్పుడు భార్య చిలుకమ్మ నేస్తోంది. ఆ వంశంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా తప్పించుకున్నవాడు ఈయనొక్కడే. తప్పించుకుని భూగర్భ శాస్త్రం చదివాడు. అదీ రాళ్ల మీద ప్రేమతో కాదు, కెమిస్ట్రీలో సీటు రాక. ప్రేమ తర్వాత పుట్టింది. ఉద్యోగం మాత్రం పుట్టలేదు. రాసిన పరీక్షలన్నీ పోయాక, భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ పట్టే మీటరొకటి సంపాదించి, రైతులకు బోరు పాయింట్లు చూపించే పనిలో పడ్డాడు. పాలకుర్తి నుంచి కేసముద్రం దాకా ఆయన బండి తిరగని ఊరు లేదు. కొన్ని ఊళ్లలో ఆయన చెప్పిన చోట నీళ్లు పడ్డాయి. నీళ్లు పడని ఊళ్లు దారిలో వస్తే చుట్టు తిరిగి వెళ్తాడని చిలుకమ్మ అంటుంది. ఆయన కాదనడు.

"రాళ్ల గురించి అడుగుండ్రి, చెప్త. నీళ్ల గురించి ఆ రాళ్లనే అడుగాలె" అని రైతులకు ముందే చెప్పేస్తాడు. ముందే చెప్పాడు కదా అని వాళ్లూ ఆయన మీద పెద్దగా కోపం పెట్టుకోరు.

ఇంట్లో, మగ్గం ఉన్న గదిలో, ఒక మూలన చెక్కపెట్టె ఉంటుంది. దాని నిండా జియోలైట్లు. యూనివర్సిటీలో ఉన్నప్పుడు మహారాష్ట్రకు టూర్ తీసుకెళ్తే, అక్కడి నల్లరాతి క్వారీల్లో ఏరుకొచ్చినవి. ఎప్పుడో లావా చల్లారినప్పుడు అందులో బుడగలు మిగిలిపోతాయి. వాటిలోకి నీళ్లు ఊరి, ఆ ఖాళీల్లో ఈ స్ఫటికాలు పెరుగుతాయి. తెల్లవి, లేత గులాబీవి, పెసరగింజంతవి, పిడికిలంతవి. కాలిస్తే లోపల దాచుకున్న నీళ్లు ఆవిరై బయటికొస్తాయి. "నీళ్లున్న రాళ్లు ఇంట్ల పెట్టుకుని, నీళ్ల కోసం ఊర్లు పట్టుకు తిరుగుతాన్న" అని దాని మీదా ఒక మాట ఉంది ఆయన దగ్గర.

పెట్టెలో పెట్టనిది ఒక్కటే. అది టీవీ పక్కన అల్మారాలో, ఎర్ర గుడ్డ మీద ఉంటుంది. స్టిల్బైట్ అనే జియోలైట్. పండిన జామపండు లోపలి రంగు. మధ్యలో దారంతో బిగించిన నూలు కట్టలా రెండు వైపులా విచ్చుకుని ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు ఆ రాయి వస్తుంది. దాన్ని తను క్వారీలో ఎంత లోతుకు దిగి తీశాడో వినకుండా ఆ ఇంట్లో ఎవరూ చాయ్ తాగలేదు. ఆ లోతు ఏడాదికేడాది కొంచెం పెరుగుతోందని కూడా ఆయనే ఒప్పుకుంటాడు.

ఫిబ్రవరిలో విజయ్‌కుమార్ ఫోన్ చేశాడు. సదానందంతో చిన్నప్పటి నుంచీ కలిసి చదువుకున్నవాడు, ఇప్పుడు ఒక సర్కారు బడికి హెడ్మాస్టరు.

"సైన్స్ డే వస్తాంది. పిల్లలకు జర నాలుగు మాటలు చెప్పు. శాస్త్రవేత్త అని ఫ్లెక్సీ కొట్టిస్త" అన్నాడు.

"బోరు పాయింట్లు చూసేటోడు శాస్త్రవేత్త ఏందిరా?"

"చదివినవా లేదా? కానీ ఉత్త ఉపన్యాసమైతే పిల్లలు పంటరు. చూపిచ్చేది ఏమన్న ఉండాలె."

ఇక్కడ సదానందం నోరు మూసుకుని ఉంటే కథ లేదు. ఫ్లెక్సీ అనే మాట చెవిలో ఇంకా మోగుతోందేమో, "చీకట్ల మెరిసే రాళ్లు చూపిస్త" అన్నాడు.

"నీ దగ్గర ఉన్నయా?"

"పెట్టెడున్నయ్."

ఫోన్ పెట్టేశాక గానీ ఆయనకు గుర్తు రాలేదు, జియోలైట్ మెరవడం తను జన్మలో చూడలేదని. పుస్తకంలో ఒక వాక్యం చదివాడు. అతినీలలోహిత కాంతి పడితే కొన్ని జియోలైట్లు ఆకుపచ్చగా వెలుగుతాయని, దాన్ని ప్రతిదీప్తి అంటారని. అదే వాక్యాన్ని పరీక్షలో రాశాడు, మార్కులు వచ్చాయి. మార్కులు వచ్చాక ఇంకా చూడాల్సిన పనేముంది అనుకున్నాడు. అలా అనుకుని ముప్పై ఏళ్లు దాటింది.

యూవీ టార్చ్ ఆన్‌లైన్లో తెప్పించాడు. నకిలీ నోట్లు పట్టుకోవడానికి వాడేదని డబ్బా మీద రాసి ఉంది. అది వచ్చిన మధ్యాహ్నమే మగ్గం గదిలో కిటికీలకూ తలుపుకూ చిలుకమ్మ నేసిన జంపఖానాలు కట్టి చీకటి చేశాడు. మగ్గం ఆగిపోయింది కాబట్టి చిలుకమ్మ కూడా వచ్చి నిలబడింది. ముచ్చట చూడ్డానికి కాదు, ఎప్పుడు అయిపోతుందో కనుక్కోవడానికి.

టార్చ్ వెలిగించగానే గదిలో అన్నిటికంటే ముందు సదానందం బనీను మెరిసింది. నీలంగా, పొట్ట ఎంత ముందుకొచ్చిందో గీత గీసి చూపించినట్టుగా మెరిసింది. బట్టల పౌడరులో తెల్లదనం కోసం కలిపే మందు మహిమ అది. తర్వాత చిలుకమ్మ వేళ్లు పచ్చగా మెరిశాయి.

"ఇదేందయ్యా, నా చేతులు గిట్లైనయి?"

"పొద్దుగాల పసుపు ముట్టినవా?"

"పప్పుల ఏసిన."

"గదే."

గోడ మీది క్యాలెండరు మెరిసింది. బూట్ల లేసులు మెరిశాయి. పెట్టె మూత తెరిచి టార్చ్ పడితే జియోలైట్లు మాత్రం పెళ్లిలో అలిగి కూర్చున్న మేనమామల్లా ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి తిప్పి చూశాడు. టార్చ్ ఊదారంగే వాటి మీద పడి జారిపోయింది తప్ప లోపలి నుంచి ఏమీ రాలేదు.

"పప్పు మెరిసినంత మెరుస్తలేవు నీ రాళ్లు" అంది చిలుకమ్మ.

ఆయన పైనున్న రాళ్లన్నీ తీసి కింద పెట్టి, పెట్టె అడుగుకు టార్చ్ దించాడు. అప్పుడు కనిపించింది. పాత పేపరు ముక్కల మధ్య, వేలెడంత, మెరుస్తున్న ఆకుపచ్చ. పుస్తకంలో రాసినదానికంటే పచ్చగా, తను ఊహించినదానికంటే ఎంతో అందంగా. యురేనియం అణువంత కలిసినా చాబజైట్ అనే రకం ఆకుపచ్చగా వెలుగుతుందని చదివిన మాట ఒక్కసారిగా నాలుక మీదికొచ్చింది.

"చిలుకా, దొరికింది. చాబజైట్" అన్నాడు. చెయ్యి చాపాడు.

చాబజైట్ తోక లేపింది.

తేళ్లు కూడా యూవీ కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తాయని ఆయనకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన తెలిసింది కుడిచేతి చూపుడు వేలు నుంచి భుజం దాకా నిప్పు పెట్టినట్టు పాకడం ఒక్కటే. టార్చ్ ఎటో పడింది. చిలుకమ్మ జంపఖానా లాగి వెలుతురు చేసి, చెప్పు తీసుకుని, ముప్పై ఏళ్ల పరిశోధనను ఒక్క దెబ్బతో ముగించింది. ఎదురింటి ఎల్లస్వామి ఆటో తీశాడు.

దవాఖానలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు పిల్ల. ఇంజెక్షన్ ఇచ్చి, బీపీ చూసి, రేపటిదాకా ఇక్కడే ఉండాలని చెప్పి, కేసు రాసుకోవడానికి కూర్చుంది.

"తేలు మీదికి వచ్చిందా సార్, మీరే తొక్కిండ్రా?"

"నేనే పట్టుకున్న" అన్నాడు సదానందం.

"పట్టుకున్నరా? ఎందుకు?"

"రాయనుకున్న."

ఆమె పెన్ను ఆపి చిలుకమ్మ వైపు చూసింది. "ఏం పని చేస్తరు ఈయన?"

"రాళ్లు గుర్తు పడుతడు" అంది చిలుకమ్మ.

పక్క మంచం మీది పేషెంటు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి చాలాసేపు కదులుతూనే ఉంది. నొప్పి తగ్గాక ఆ ముచ్చట వార్డంతా చెప్పింది మాత్రం సదానందమే. ఇంకొకరు చెబితే సరిగ్గా చెప్పరని ఆయన భయం.

సైన్స్ డే నాటికి వేలు వాపు తగ్గింది గానీ మొద్దుబారే ఉంది. బండి నడపలేడు కాబట్టి ఎల్లస్వామి ఆటోలో బయలుదేరారు. చిలుకమ్మ కూడా వచ్చింది. కిటికీలకు కట్టడానికి ఆయన తీసుకెళ్తున్న జంపఖానాలు ఆర్డరువి, మరకలు పడితే ఆమెకే కష్టం. బడి గేటుకు ఫ్లెక్సీ ఉంది. దాని మీద "ప్రముఖ శాస్త్రవేత్త" అని రాసి, కింద సదానందం పెళ్లినాటి ఫోటో వేశారు. ఎల్లస్వామి ఆ ఫోటో వంకా మనిషి వంకా మార్చి మార్చి చూశాడు.

గది చీకటి చేసి టార్చ్ వెయ్యగానే, చెప్పక్కర్లేదు, పిల్లల తెల్ల చొక్కాలన్నీ నీలంగా వెలిగాయి. నవ్వితే పళ్లు వెలిగాయి. ఒకరినొకరు చూసుకుని గోల చేశారు. కంటికి కనబడని కాంతిని మింగి, కనబడే కాంతిగా తిరిగిచ్చేదే ప్రతిదీప్తి అని చెప్పాడు. తేలు సంగతీ చెప్పాడు. పిల్లలు అడిగి రెండోసారి చెప్పించుకున్నారు. ఇంత బాగా నడుస్తోందే అని ఆయనకు ధైర్యం పెరిగింది. ఎర్ర గుడ్డ విప్పి స్టిల్బైట్ బయటికి తీశాడు. దాని మీద టార్చ్ వెయ్యడం ఇదే మొదటిసారి. ఇంట్లో దాని వంతు రాకముందే తేలు వంతు వచ్చింది.

టార్చ్ పడగానే రాయి లోపల, సరిగ్గా నడుము దగ్గర, వంకరటింకరగా ఒక తెల్లటి నీలి గీత భగ్గున వెలిగింది.

ముందు వరుసలో కూర్చున్న అనూష అనే తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, ఆ గీత ఏంది సార్?" అంది.

తెలియదు అనే మాట ఆయన నోట్లోకి వచ్చింది. గేటు దగ్గరి ఫ్లెక్సీ దాన్ని వెనక్కి నెట్టింది.

"మంచి ప్రశ్న. ఇది రెండు తరాల స్ఫటికం" అని మొదలుపెట్టాడు. కోట్ల ఏళ్ల కింద మొదటి సగం పెరిగిందన్నాడు. తర్వాత భూమిలో కదలికలొచ్చి నీళ్లు మారాయన్నాడు. ఆ కొత్త నీళ్లు తెచ్చిన పల్చటి పొరే ఈ గీత అన్నాడు. దాని మీద రెండో తరం పెరిగిందన్నాడు. ఇలాంటివి చాలా అరుదన్నాడు. చెప్తున్నకొద్దీ తనకే నమ్మకం కుదిరింది. విజయ్‌కుమార్ పిల్లల్ని నోట్సు రాసుకొమ్మన్నాడు. చీకట్లోనే రాసుకున్నారు. వెనక బెంచీలో చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. చాక్‌పీసు దుమ్మేమో అనుకున్నాడు.

తిరుగుదారిలో, ఆటో పోచమ్మ మైదాన్ దగ్గర ఆగినప్పుడు, ఆమె మెల్లగా అంది.

"ఆ గీత ఉన్నది చూడు."

"ఊఁ. ఎట్ల మెరిసిందో చూసినవా?"

"అది గమ్ము."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఏం గమ్ము?"

"రెండు ట్యూబులు కలిపి పూస్తరు చూడు, ఆ గమ్ము. మగ్గం పాత ఇంట్లకెళ్లి మార్చిన యాడాది, సామాన్లు సదురుతాంటే నా చేతులకెళ్లి జారి కింద పడి రెండు ముక్కలైంది. నువ్వు డోర్నకల్ దిక్కు బోరు పాయింట్‌కు పోయి ఉంటివి. అత్తమ్మనే దుకాణానికి పోయి గమ్ము తెచ్చి అతికిచ్చింది."

"మరి నాకు ఒక్క మాట చెప్పద్దా?"

"చెప్పకు బిడ్డా అన్నది. వాడు రాయికి ఏడ్చినట్టు మనుషులకు ఏడ్వడు, ఇల్లు పీకి పందిరేస్తడు అన్నది."

"ఇన్నేండ్లాయె."

"నువ్వు రోజు చూస్తనే ఉంటివి. నీకే కనబడకపాయె, నేనేం చెప్పాలె?"

ముందు సీట్లో ఎల్లస్వామి భుజాలు ఊగుతున్నాయి. ఆటో కూడా తిన్నగా పోవడం లేదు. సదానందం ఒళ్లో గుడ్డలో చుట్టిన రాయిని అటూ ఇటూ తిప్పాడు. తల్లి పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆమె గమ్ము ట్యూబులు పట్టుకుని, కళ్లజోడు ముక్కు మీదికి దింపి, కోడలితో గుసగుసలాడుతూ అతికిస్తున్న దృశ్యం ఆయనకు కళ్లెదుట కనిపించింది. రెండు ముక్కలూ ఎక్కడా తేడా లేకుండా కలిశాయి. నేతపని చేసిన చెయ్యి. కోపం వస్తుందేమోనని చూశాడు. నవ్వొచ్చింది.

"రెండు తరాలు అన్నది మాత్రం అబద్ధం కాదు. ఒక తరం మా అమ్మ, ఇంకో తరం నువ్వు" అన్నాడు.

ఇంటికొచ్చాక మాత్రం నవ్వు నిలవలేదు. చీకట్లో నోట్సు రాసుకున్న పిల్లలు గుర్తొచ్చారు. ఎవరో ఒకరు ఆ రెండు తరాల ముచ్చట పరీక్షలో రాస్తారు. దిద్దేవాళ్లు నిజమే కాబోలని మార్కులు వేస్తారు. అలా చూడనిదాన్ని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు చివరికి ఏమవుతారో ఆయనకు బాగా తెలుసు, పెట్టెలో చెయ్యి పెట్టి తేలును పట్టుకుంటారు.

సోమవారం మళ్లీ బడికి వచ్చిన ఆయన్ను చూసి విజయ్‌కుమార్ ఆశ్చర్యపోయాడు. సంగతి విని, "పోనియ్యరా, పిల్లలు ఎప్పుడో మర్చిపోయి ఉంటరు" అన్నాడు.

"మర్చిపోకపోతే?"

"నీ పరువే పోతది."

"ఫ్లెక్సీ ఉన్నన్ని రోజులే గదరా పరువు. దాన్ని అప్పుడే పీకి సైకిల్ స్టాండు మీద కప్పినవు, వస్తాంటే చూసిన."

అదే క్లాసులో నిలబడి గమ్ము కథ మొదటి నుంచీ చెప్పాడు. పిల్లలు తేలు కథకంటే ఎక్కువ నవ్వారు. నవ్వులయ్యాక అనూష లేచింది.

"సార్, మరి నిజంగ మెరిసే జియోలైట్ ఉన్నదా, లేదా?"

"పుస్తకంల ఉన్నది. నా పెట్టెల ఉన్నదో లేదో నాకు తెల్వదు."

"చూద్దాం సార్."

పెట్టె, జంపఖానాలు వెంటే తెచ్చాడు, ఈసారి ఇంటి దగ్గరే రాళ్లన్నీ కర్రతో కదిపి, దులిపి. కొన్ని జంపఖానాలు కిటికీలకు మళ్లీ కట్టారు. టార్చ్ వేస్తే మళ్లీ చొక్కాలే వెలిగాయి. అప్పుడు వెనక నుంచి ఎవరో, చొక్కాల వెలుగుకే రాళ్లు కనబడట్లేదేమో అన్నారు. ఆ మాట సదానందానికి ఇంట్లో తట్టలేదు. తన బనీను వెలుగులోనే తను గుడ్డివాడయ్యాడన్న సంగతి అప్పుడర్థమైంది. పైగా ఆ రోజు ఎండలోంచి వచ్చీ రాగానే టార్చ్ వేశాడు, కళ్లు చీకటికి అలవాటు పడకుండానే. మిగిలిన జంపఖానాలు పిల్లలకు పంచి కప్పుకోమన్నాడు. తనూ ఒకటి కప్పుకున్నాడు. అందరూ కళ్లు మూసుకుని, టార్చ్ ఆర్పేసి, చాలాసేపు కూర్చున్నారు. చిలుకమ్మ చూస్తే ఆర్డరు సంగతి ఎత్తేది, అదృష్టం కొద్దీ ఆమె రాలేదు.

కళ్లు తెరిచి టార్చ్ వేశాడు. రాళ్లు బెంచీ మీద వరసగా ఉన్నాయి. ఒకటి, రెండు, ఏమీ లేదు. చివర్లో శనగగింజంత తెల్లరాయి ఒకటి. ఏ రోజూ ఎవరికీ చూపించనిది, పెట్టెలో ఉందని ఆయనకే గుర్తు లేనిది.

"సార్, అది" అని నలుగురైదుగురు ఒకేసారి అన్నారు.

ఆయనకు కనిపించలేదు. వంగాడు. ఇంకా వంగాడు. అప్పుడు కనిపించింది, లేత పెసరపొట్టు రంగులో సన్నటి వెలుగు. తేలంత ఆర్భాటం లేదు, గమ్మంత గర్వం లేదు. ఉందా లేదా అన్నట్టుగా ఉంది. చేత్తో ముట్టలేదు. స్కేలు అడిగి తీసుకుని, పొడిచి, కదలదని రూఢి చేసుకున్నాకే వేళ్లతో ఎత్తాడు. పిల్లలు ఒక్కొక్కరే జంపఖానా కప్పుకునే వచ్చి చూసి వెళ్లారు. అంతసేపూ ఆయన ఏమీ చెప్పలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం తను ఎన్నడూ చూడలేదని విజయ్‌కుమార్ తర్వాత చిలుకమ్మకు చెప్పాడు.

"పేరేంది సార్ దీనిది?" అని అనూష అడిగింది.

"తెల్వదు. యూనివర్సిటీల అడిగి చెప్త" అన్నాడు. ఆ మాట ఈసారి సులువుగానే వచ్చింది.

యూనివర్సిటీలో రాయిని పెద్ద దీపం కింద పెట్టి చూసి, జియోలైట్ మెరవడం లేదు, దాని మీద పట్టిన గాజులాంటి, ఓపల్ అనే వేరే ఖనిజపు పల్చటి పొర మెరుస్తోందని తేల్చారు. సదానందం అక్కడే నవ్వేశాడు. ఎందుకు నవ్వుతున్నాడో వాళ్లకు అర్థం కాలేదు. చెప్పాలంటే తేలు దగ్గర మొదలుపెట్టాలి. మొదలుపెట్టాడు. చాయ్‌లు తెప్పించి మరీ విన్నారు.

ఆ వారమే మూడోసారి బడికి వెళ్లి ఆ మాట కూడా చెప్పాడు.

అనూష ఆలోచించింది. "కానీ ఆ పొర జియోలైట్ మీదనే ఉన్నది గద సార్?"

"ఉన్నది."

"మరి సగం మనదే గద సార్."

పుస్తకాల ప్రకారం అది ఒప్పు కాదు. అయినా సదానందం ఆ పూటకు ఆ సగానికి ఒప్పేసుకుని, టార్చ్ ఆ అమ్మాయి చేతికిచ్చాడు. పిల్లలంతా ఇళ్లనుంచి తెచ్చిన సీసా పెంకులు, గవ్వలు, గుండీలు బెంచీ మీద పేరుస్తున్నారు. కిటికీకి జంపఖానా సరిగ్గా కట్టారో లేదో చూడ్డానికి ఆయన అటు నడిచాడు.